ఇంజీ వ్యాసం, మూడు మందుల సూది

మా అలెగ్జాండ్రియాలో జలుబుకు మందు ఎప్పుడో కనిపెట్టేశామని ఇందుమూలంగా తెలియజేయడమైనది. మందుల షాపుకెళ్లి "మూడూ కలిపి" అంటే చాలు, మూడు మందులు ఒకే సూదిలో ఎక్కించి పంపుతారు. డాక్టరు చీటీ ఏదని అడిగి గిరాకీని అవమానించే దురలవాటు ఇక్కడ లేదు.

ఇంత సుఖంగా ఉన్న ఊళ్లో, మా వీధి మందుల షాపు ఫక్రీగారి కూతురు ఇంజీకి సైన్సు రాయాలన్న బుద్ధి పుట్టింది. షాపు వదిలేసి, అడిగిన పత్రికకల్లా రాసే స్వతంత్ర రచయిత్రి అయింది. షాపులో తెల్లకోటు వేసుకుని మందులిచ్చినన్నాళ్లూ వీధంతా ఆమెను డాక్టరమ్మా అనేది. కోటు విప్పి సైన్సు నిజంగా చదవడం మొదలుపెట్టాక ఒట్టి ఇంజీ అయిపోయింది. సంపాదకులూ ఎంతో ప్రోత్సహించారు. పెరుగుతున్న సముద్రమట్టం మీద రాసిస్తే నల్లజీలకర్ర మహిమల మీద రాయమన్నారు.

తండ్రి ఆరు నెలలు గడువిచ్చాడు. "నీ రాతకి ఒక్కడైనా కదిలితే రాసుకో తల్లీ. లేదా నోరు మూసుకుని కోటేసుకో."

పాపం, ఆ పిల్ల నాలుగు నెలలు పరిశోధకుల వెంటపడి, మా సూది మీదే వ్యాసం రాసింది. దానితో జలుబు తగ్గదని, ప్రాణం పోయినా పోవచ్చని. ఎవరికీ అనుమానం ఉండకూడదని పత్రికలో మూడు మందుల పేర్లూ పెద్దక్షరాలతో గడి కట్టించి, పైన "ఇవి కలపకండి" అని వేయించింది.

గడువు చివరి రోజున షాపు ముందు బారు. అందరి చేతుల్లో ఆ గడి. పైనున్న శీర్షిక అడ్డమని వదిలేసి, పేర్లు మాత్రం చక్కగా కత్తిరించి తెచ్చారు.

ముందు నిలబడ్డ ట్రాము డ్రైవరు షాబాన్ అన్నాడు: "బాగా రాశావు డాక్టరమ్మా. ఇన్నాళ్లూ మీ నాన్న ఏం పొడిచేవాడో తెలిసేది కాదు. ఇవిగో, ఈ మూడూ."

"కలపొద్దనే కదా బాబాయ్ రాసింది?"

"అది చదవనివాళ్లకమ్మా. నేను రెండుసార్లు చదివాను."

ఇంజీ గుమ్మంలో కూలబడి ఏడ్చింది. సూదుల డబ్బా ఖాళీ అయ్యాక ఫక్రీ కూతురి తల నిమిరాడు. ఆయన మాట తప్పే మనిషి కాదు. "ఒక్కడేంటి, వీధంతా కదిలింది. ఇక వారం వారం రాయి. వచ్చే వారం కడుపునొప్పి మీద రాయి."

ఆ విధంగా మా ఊరికి ఒక సైన్సు రచయిత్రి దక్కింది. ఆమె ఏడుపు చూసి నాకు నిజంగా బాధేసింది. కానీ బారులో నాది మూడో స్థానం, అంతసేపు నిలబడి వట్టి చేతులతో పోతే ఏం మర్యాద? సూది మహిమ చూడండి, వారం తిరక్కుండా జలుబు మాయం. ఆ గడి ఇప్పటికీ నా జేబులో భద్రంగా ఉంది. తుమ్ములొస్తుంటే చెప్పండి, నకలు పంపుతాను.