మోగి మాయమయ్యే ఆర్డర్లు

తుకిరన్ ఆ ఉదయం వేసుకున్న పథకం చిన్నదే. పిట్టకు స్నానం చేయించాలి. పంజరానికి ముసుగు కప్పాలి. ఫోను ఆపాలి, టాబ్ ఆపాలి. ఆ తర్వాత కంపెనీ మెడలు వంచాలి.

సోలో అనే ఊళ్లో మోటారు సైకిళ్ల మీద మనుషుల్నీ, భోజనం పొట్లాల్నీ మోసేవాళ్లంతా ఆ రోజు యాప్ బంద్ చేస్తున్నారు. పొద్దు గూకేదాకా ఏ డ్రైవరూ యాప్ తెరవకూడదు. పైన చల్లగదిలో కూర్చున్నవాడు కమీషన్ పేరు చెప్పి వీళ్ల చెమటలో వాటా గుంజుకుంటున్నాడు. అడిగితే "మీరు మా పనివాళ్లు కారు, భాగస్వాములు" అంటున్నాడు. భాగం వాడికి, ఎండ వీళ్లకి.

పేటలోని డ్రైవర్లంతా తుకిరన్ వాకిట్లో కూడాలని సంఘం నిర్ణయించింది. వాకిలి వెడల్పు చూసి కాదు. లస్మిని అనే అతని భార్య ఉడికిన ఆకుకూరల మీద పోసే వేరుశనగ పచ్చడి చూసి.

బ్యానర్ మీద ఎర్ర అక్షరాల్లో రాసిన డిమాండ్లలో ఒకటి అచ్చంగా తుకిరన్ సొంతం: "మోగి మాయమయ్యే ఆర్డర్లు ఆపాలి!" కొన్ని వారాలుగా అతని ఇంట్లో ఆర్డరు గంట మోగుతోంది. ఎంగిలి చేత్తో పరిగెత్తి చూస్తే తెర మీద ఏమీ ఉండదు. ఒకసారి ఒంటినిండా సబ్బు నురగతో తువ్వాలు చుట్టుకుని వచ్చి చూశాడు. ఏమీ లేదు. కంపెనీవాడు గంట మనకు కొట్టి గిరాకీ తనవాళ్లకి ఇచ్చుకుంటున్నాడని సంఘంలో లేచి గొంతు చించుకున్నాడు. "నాకూ అంతే!" అని మరి కొందరు లేచారు. అధ్యక్షుడు గతోత్ అక్కడికక్కడే దాన్ని నినాదం చేశాడు.

ఆ గంట మోగేది టాబ్‌లో. టాబ్ తుకిరన్‌ది కాదు, అతని అత్త నర్తిది. ఆగస్టులో పేటంతా కలిసి నడిచే పండగ నడకలో ముసలమ్మ సగం దూరం నడిచి, మిగతా సగం ఎవరిదో బండెక్కి వచ్చి, నడిచినవాళ్లకి తీసే లాటరీలో మొదటి బహుమతిగా దీన్ని కొట్టుకుపోయింది. ఆమె ముఖం చూపిస్తే తప్ప అది తెరుచుకోదు. ఇంట్లో మాత్రం దాన్ని వాడుకోనివాళ్లు లేరు. పొద్దున లస్మిని దాన్ని పిండి డబ్బాకు ఆనించి వంటలు చూసుకుంటుంది. మధ్యాహ్నం నర్తి సీరియల్ చూసి ఏడుస్తుంది. తర్వాత సురబయాలో ఉన్న చెల్లెలికి వీడియో కాల్ చేసి, తన నుదురు ఒక్కటే చూపిస్తూ, ఆ ఏడుపంతా మళ్లీ మొదటి నుంచి చెబుతుంది.

తుకిరన్ దాన్ని పిట్టకు గురువుగా పెట్టాడు. అతని మురై పిట్టకు నల్లటి తల, ఎర్రటి పొట్ట, మూరెడు తోక. పాటల పోటీకి దాన్ని తయారు చేస్తున్నాడు. మురైకి విన్నదల్లా ఒంటబడుతుంది. అందుకే పంజరం పక్కన టాబ్ తగిలించి పిచుకల రొద, కీచురాళ్ల మోత వినిపించేవాడు. నర్తి ఒప్పుకోకపోతే తెరను రెండు ముక్కలు చేసి పైన ఆమెకు సీరియల్, కింద పిట్టకు పాఠం పెట్టేవాడు. టాబ్ గొంతు పెద్దది కాబట్టి డ్రైవరు యాప్ కూడా అందులోనే తెరిచి పక్కన కునుకు తీసేవాడు. గంట మోగితే ఎగిరి గంతేసేవాడు. పిట్ట ఇదంతా పంజరంలోంచి చూస్తూ ఉండేది.

బంద్ రోజున తుకిరన్ టాబ్‌లో యాప్ మూసేసి, టాబ్ ఆపేసి, బీరువా నెత్తిన పెట్టాడు. పిట్ట మీద ముసుగు కప్పి వసారాలో తగిలించాడు. ముసుగులో మురై పాడదని ఊరందరికీ తెలుసు.

వాకిలి నిండింది. లస్మిని వడ్డిస్తోంది. గతోత్ ఒక వెదురు చేట మధ్యలో పెట్టించాడు.

"ఫోన్లన్నీ ఆపి ఇందులో వెయ్యండి. ముందు నాది!" అని తన ఫోను టప్పున పడేశాడు. అందరూ వేశారు. "ఇవాళ యాప్ తెరిచినవాడు మనవాడు కాదు. వాడి ఒంటి మీది కంపెనీ జాకెట్ విప్పి పంపించేస్తాం. రేపు వాడు రోడ్డు మీద పడితే లేపేవాడు ఉండడు. సరేనా?"

"సరే!" అన్నారంతా. అందరికన్నా గట్టిగా అరిచింది తుకిరన్. కిందటేడు వానలో జారి కాలు విరిగినప్పుడు ఆసుపత్రికి మోసుకెళ్లిందీ, మంచం మీదున్నన్నాళ్లూ ఇంటికి బియ్యం తెచ్చిందీ ఈ మనుషులే. కంపెనీ నుంచి వచ్చింది ఒక్క సందేశం: "త్వరగా కోలుకుని ఆన్‌లైన్‌లోకి రండి."

గతోత్ గొంతు సవరించుకున్నాడు. "సోదరులారా! వాడి గంటకు మనం కుక్కల్లా..."

టింగ్ టింగ్ టిట్టిటింగ్!

వాకిలి వాకిలంతా బిగుసుకుపోయింది. ఆర్డరు గంట. గతోత్ గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. పాపం, ఎంత దెబ్బ తగిలిందో అనుకున్నారు.

"ఎవడ్రా అది?" అని గతోత్ గర్జించాడు. చేటలో ఫోన్లు తిరగేశారు. అన్నీ చచ్చి పడున్నాయి.

టింగ్ టింగ్ టిట్టిటింగ్!

"లోపల్నించి!" అన్నాడు పర్నో. తుకిరన్‌కు ప్రాణమిత్రుడు అతను. అన్న వెంటనే నాలిక కరుచుకున్నాడు.

చూపులన్నీ తుకిరన్ మీదికి తిరిగాయి. "అన్నా, ఒట్టు! టాబ్ నా చేత్తో ఆపాను. బీరువా మీద పెట్టాను" అన్నాడు తుకిరన్. గుంపు లోపలికి తోసుకెళ్లింది. బీరువా మీద టాబ్ లేదు. గదిలో మూల నర్తి దుప్పటి ముసుగేసుకుని కూర్చుంది. దుప్పటి లోపల నీలం వెలుగు.

"అత్తా, అదిలా ఇవ్వు."

"ఏదిలా ఇవ్వాలి? నా దగ్గరేం లేదు. నేను జపం చేసుకుంటున్నా."

దుప్పటిలోంచి ఒక మగగొంతు, "నువ్వు నా కన్నకూతురివి కాదు!" అంది.

"మీ జపంలో చాలా గొడవలున్నట్టున్నాయే పిన్నీ" అన్నాడు పర్నో.

గతోత్ టాబ్ లాక్కున్నాడు. తెర మూసుకుంది. తెరవమంటే నర్తి ముఖం అటు తిప్పుకుంది. "తెరవను. నడిచింది నేను, గెలిచింది నేను. మీ బంద్ మీరు చేసుకోండి, నా సీరియల్‌కి బంద్ లేదు." చివరికి ఇద్దరు పిల్లిని పట్టుకున్నట్టు ఆమె చుట్టూ తిరిగి, ఆమె తుమ్మబోతుంటే ముఖానికి ఎదురుగా పెట్టారు. తెరుచుకుంది. డ్రైవరు యాప్ అందులో కనిపించింది.

"చూశారా!" అన్నాడు గతోత్. "నినాదం ఇచ్చినవాడే నిప్పు పెట్టాడు."

"ఉంది కానీ మూసే ఉంది కదా! సరిగ్గా చూడన్నా!" అని తుకిరన్ తెర మీద వేలు పెట్టి చూపించాడు.

"మూసి ఉంటే ఎలా మోగుద్దిరా?" గతోత్ అందరి ముందూ మీట నొక్కి టాబ్ పూర్తిగా ఆపేశాడు. నల్లటి తెరను ఎత్తి చూపించాడు. "ఇప్పుడు మోగమను!"

టింగ్ టింగ్ టిట్టిటింగ్!

గతోత్ మళ్లీ గుండె పట్టుకున్నాడు. టాబ్ అతని చేతిలోంచి జారి మంచం మీద పడింది. ఇంతలో ఎక్కడో ఒక ఆడగొంతు సన్నగా, ఎక్కిళ్లు పెట్టి ఏడ్చింది.

"దయ్యం" అన్నాడొకడు.

"కంపెనీ ఏడుస్తోందిరా" అన్నాడు పర్నో. ఎవరూ నవ్వలేదు.

గతోత్ ముందుగా తేరుకున్నాడు. "దయ్యం లేదు, గియ్యం లేదు. కంపెనీ ఇందులో గూఢచారిని పెట్టింది. ఆపినా వింటుంది. మన మాటలన్నీ పైకి పోతున్నాయి!" భయపడ్డ మనిషికి పెద్ద కారణం చూపిస్తే చిన్న కారణం వెతుక్కోడు. గుంపు గుంపంతా నమ్మేసింది. హెల్మెట్లలో కూడా ఏమైనా పెట్టారేమోనని కుప్ప పోశారు. జాకెట్లు విప్పి దులిపారు. గతోత్ మాత్రం తనది విప్పలేదు. చలిగా ఉందన్నాడు. బయట ఎండ మండిపోతోంది.

"మందపాటి పాత్రలో పెట్టి మూతేస్తే సిగ్నల్ అందదు" అన్నాడు పర్నో. వంటగదిలో లస్మిని అన్నం ఆవిరి పట్టే పొడుగు గుండిగ కనిపించింది. టాబ్‌ను అందులో దించి మూత పెట్టి, మూత మీద రోలు ఎత్తారు. అడుగున నీళ్లు మరుగుతున్నాయన్న సంగతి లస్మినికి తెలుసు. లస్మిని వాకిట్లో వడ్డిస్తోంది.

హమ్మయ్య అని బయటికొచ్చారు.

టింగ్ టింగ్ టిట్టిటింగ్!

ఇంక గతోత్ ఊరుకోలేదు. "టాబ్ గుండిగలో ఉంది. ఫోన్లు చేటలో ఉన్నాయి. అంటే ఇంకో ఫోను ఎవడో ఒంటి మీద పెట్టుకున్నాడు. ఎవడి ఇంట్లో మోగుతోందో వాడే. వెతకండి వీణ్ణి!"

"పర్నో, నువ్వైనా చెప్పరా" అన్నాడు తుకిరన్.

పర్నో నేలచూపులు చూశాడు. "చెబుదామనే ఉందిరా. కానీ మోగుతోందిగా!"

తుకిరన్‌ను ఆసుపత్రికి మోసిన చేతులే ఇప్పుడు అతని చొక్కా గుండీలు విప్పుతున్నాయి. నిజం చెప్పాలంటే ఆ క్షణాన తన మీద తనకే అనుమానం వచ్చింది. నిద్రలో లేచి ఏదైనా నొక్కానా? "ప్యాంటు జేబులో గట్టిగా ఏదో ఉంది!" అని ఒకడు అరిచాడు. లాగాడు. బయటపడింది ఒక రేకు డబ్బా. మూత ఊడింది. డబ్బాలోంచి పిట్ట మేత, నిండు ప్రాణాలతో ఉన్న కీచురాళ్లు, వాకిలంతా ఎగిరిపడ్డాయి. ఒకడి కాలరులో ఒకటి దూరింది. ఇంకోటి పచ్చడి గిన్నెలో మునిగింది. పోలీసు లాఠీకి బెదరని మగాళ్లు బెంచీలెక్కారు.

అదే సమయంలో వంటింట్లోంచి చావుకేక వినిపించింది.

"నా పెట్టెను ఉడకబెట్టేశార్రా! మీ చేతులు పడిపోనూ!"

నర్తి రెండు చేతుల్తో టాబ్ పట్టుకుని వసారాలోకి వచ్చింది. దానిలోంచి పొగలు వస్తున్నాయి. "గుడ్డ! ఒక్క గుడ్డ ఇవ్వండే!" ఎవరూ కదల్లేదు. ఆమె చేతికి అందిన గుడ్డ లాగింది. అది పంజరం మీది ముసుగు.

ముసుగు పోగానే మురై ఒళ్లు విదిలించింది. తోక ఆడించింది. కింద గెంతుతున్న కీచురాళ్లను చూసింది. హుషారు ఆపుకోలేక గొంతెత్తి, ముందు పిచుకల రొద పెట్టింది. తర్వాత సీరియల్ నాయికలా ఎక్కిళ్లు పెట్టి ఏడ్చింది. ఆ తర్వాత తలెత్తి, తుకిరన్ కళ్లలోకి సూటిగా చూసి...

టింగ్ టింగ్ టిట్టిటింగ్!

తుకిరన్ చొక్కా లేకుండా అలాగే కూలబడ్డాడు. ఎంగిలి చేత్తో పరిగెత్తింది దీనికా? సబ్బు నురగతో వచ్చింది దీనికా? పిట్ట మోగించింది, తను గంతేశాడు. ఇన్ని వారాలూ పిట్ట తనను ఆడించుకుంది. కళ్లు మెల్లగా బ్యానర్ వైపు తిరిగాయి. ఎర్ర అక్షరాలు.

"అంటే..." అన్నాడు పర్నో, నోరు తెరుచుకుని. "మన డిమాండ్ పెట్టింది ఇదా?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత వాకిలంతా పగలబడి నవ్వింది. బెంచీల మీదివాళ్లు కిందపడి మరీ నవ్వారు. చొక్కా విప్పినవాడే మళ్లీ తొడిగి గుండీలు పెట్టాడు. ఒక్క గతోత్ నవ్వలేదు. "సరే సరే, పిట్టే కదా. వదిలెయ్యండి" అంటూ గుండె మీద చెయ్యి అలాగే ఉంచి గేటు వైపు అడుగులేశాడు.

పంజరం ఊచల్లోంచి దూరిన ఒక కీచురాయిని పిట్ట ముక్కుతో పట్టుకుంది. కాళ్లు బయటికి వేలాడుతున్నాయి.

టింగ్ టింగ్ టిట్టిటింగ్!

నవ్వు సగంలో తెగిపోయింది. తలలన్నీ పంజరం వైపు తిరిగాయి. పిట్ట నోటినిండా కీచురాయి ఉంది.

టింగ్ టింగ్ టిట్టిటింగ్!

ఈసారి తలలు గేటు వైపు తిరిగాయి. గంట గతోత్ గుండెలోంచి మోగుతోంది. అతని చెయ్యి జాకెట్ లోపల పిచ్చిగా తడుముకుంటోంది. చేటలో పడేసింది పాత ఫోను. అసలుది లోపలి జేబులో ఉంది. పిట్ట కూసినప్పుడల్లా తనదే మోగిందేమోనని తడిమి తడిమి, గంట వినపడకుండా నోరు మూసి పెట్టుకున్న ఫోను నోరు తనే తెరిచాడు.

పర్నో వెళ్లి ఆ ఫోను బయటికి తీశాడు. తెర మీద పొద్దుటి నుంచి చేసిన ట్రిప్పులు వరసగా ఉన్నాయి. ఊరంతా ఆపేస్తే గిరాకీ అంతా ఒక్కడికే.

"అన్నా, గుండె మీద చెయ్యేసి చెప్పు, ఇదేంటి?" అన్నాడు పర్నో. "అక్కర్లేదులే. వేసే ఉంది."

గతోత్ నోరు తెరిచాడు. ఎన్నో సభల్ని ఊపేసిన ఆ నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. పిట్ట ఆ లోపల కీచురాయిని మింగేసి, అతనికి బదులుగా ఎక్కిళ్లు పెట్టి ఏడ్చింది.

జాకెట్ విప్పింది తుకిరనే. కొట్టలేదు, తిట్టలేదు. "నువ్వు రోడ్డు మీద పడితే మాత్రం లేపుతాంలే. వెళ్లు" అన్నాడు. కొట్టినా బాగుండేదన్నట్టుగా గతోత్ వెళ్లిపోయాడు.

"మరి ఆ డిమాండ్ కొట్టేద్దామా?" అని తుకిరన్ సిగ్గుపడుతూ బ్యానర్ చూపించాడు.

"ఎందుకూ?" అన్నాడు పర్నో. "మా ఇంట్లో పిట్ట లేదు. మాకూ మోగి మాయమవుతూనే ఉన్నాయి."

బ్యానర్ అలాగే ఉంచారు.

టాబ్‌ను బియ్యం డబ్బాలో పాతిపెట్టి, అందరూ వద్దంటున్నా నర్తి గంటకోసారి తవ్వి చూసింది. సాయంత్రానికి అది ప్రాణం పోసుకుంది. ఆమె ముఖాన్ని గుర్తుపట్టింది, సీరియల్ చూపించింది. గొంతు మాత్రం పోయింది. ఏడుపు సీను వచ్చినప్పుడల్లా నర్తి కుర్చీ పంజరం దగ్గరికి జరుపుకుని పిట్ట వైపు చూసింది.

పంజరం ముసుగు టాబ్ నీళ్లకు తడిసి తీగ మీద ఆరుతోంది. అందుకని లస్మిని గతోత్ వదిలిపోయిన కంపెనీ జాకెట్ తెచ్చి పంజరానికి తొడిగి, జిప్పు పైదాకా లాగింది. లోపల్నించి గంట మోగింది. ఎవరూ లేవలేదు.

ఆ రోజు పేటలో బంద్ సంపూర్ణంగా జరిగింది. జాకెట్ వేసుకుని డ్యూటీలో ఉన్నది ఆ పిట్ట ఒక్కటే.