లియోబాగారి పుట్టినతేదీకి పటిష్ఠ రక్షణ

వీసన్‌బాహ్ గ్రామ చర్చి పత్రికలో ఇకపై ఎవరి పుట్టినరోజూ అచ్చు కాదని, ఇదంతా ప్రజల మేలు కోరేనని, చర్చి సమాచార రక్షణాధికారి విన్‌ఫ్రీడ్ త్సుంబుష్ గారు ఊరి సభలో సగర్వంగా ప్రకటించారు. పత్రిక కాపీ ఒకటి టాంజానియాలో ఉంటున్న ఊరి పాత ఫాదర్‌కు పోస్టులో వెళ్తుంది. అంటే ఊరివాళ్ల వ్యక్తిగత సమాచారం యూరప్ ఎల్లలు దాటిపోతోందన్నమాట; అక్కడి చట్టం అందుకు ఒప్పుకోదు. ఆ ఒక్క కాపీ ఆపేస్తే సరిపోతుంది కదా అని అడిగేటంత అల్పబుద్ధి ఆ సభలో ఎవరికీ లేకపోయింది.

ఈ కబురు విని లియోబా కెస్సెల్రింగ్ గుండెల్లో రాయి పడింది. వచ్చే గురువారం ఆమెకు ఎనభై నిండుతాయి. ఆ ఊళ్లో ఎనభయ్యో పుట్టినరోజుకు ఎవరినీ పిలవరు. పత్రికలో పేరు చూసి ఊరే వస్తుంది. తనంత తాను పిలుచుకోవడమంటే తల తీసేసినంత పని. భర్త పోయాక ఒంటరిగా ఉంటున్న ఆ మనిషి, కొన్నేళ్లుగా ఈ ఒక్క రోజు కోసమే కాచుకుని ఉంది.

ఆమె చర్చి ఆఫీసుకు వెళ్లి, "నా పేరు వేసుకోండయ్యా, నాకేం అభ్యంతరం లేదు" అంది.

"మీకు ఉండదండీ, చట్టానికి ఉంటుంది" అన్నారు త్సుంబుష్ గారు. "మీ వయసు తెలిస్తే టాంజానియా ప్రభుత్వం ఏం చేస్తుందో అంచనా నివేదిక రావాలి. అందాకా మీ పుట్టినతేదీని నా ప్రాణంలా కాపాడతాను."

ఇంత భరోసా ఆమెకు కట్టుకున్నవాడు కూడా ఇచ్చి ఎరగడు.

తిరిగి వస్తుంటే పక్కింటావిడ గుండూలా కంచె దగ్గర గొంతు తగ్గించింది. "నీ పుట్టినరోజు నాకు గుర్తే లియోబా. కానీ నేనొస్తే, అనుమతి లేకుండా బుర్రలో దాచుకున్నానంటారు."

"ఇస్తున్నాగా అనుమతి."

"నోటిమాట చాలదట తల్లీ."

గురువారం ఆపిల్ కేకు చేసి, మంచి కప్పులు తీసి పెట్టింది. ఎవరూ రాలేదు. ఊరంతటికీ గుర్తుంది; ఊరంతా చట్టాన్ని గౌరవించి మరిచిపోయింది.

అయితే లియోబా ఆమధ్య మోకాళ్ల నొప్పికి మందేమిటని ఫోన్‌ను అడిగింది. అడిగేముందు, అందరిలాగే చదవకుండా 'అంగీకరిస్తున్నాను' అని నొక్కింది. ఆమె వయసు, మోకాళ్లు, ఒంటరితనం ఏ నివేదికా అక్కర్లేకుండా సముద్రాలు దాటి, చేతులు మారి, చక్కగా సొంత ఊరికే తిరిగొచ్చాయి. మధ్యాహ్నం కాలింగ్ బెల్ మోగింది. గుమ్మంలో పూలగుత్తితో ఒక యువకుడు నిలబడి ఉన్నాడు. మనిషిని కూర్చోబెట్టి మెట్లెక్కించే కుర్చీలమ్మే కంపెనీ అతనిది.

"పుట్టినరోజు శుభాకాంక్షలు లియోబాగారూ. మోకాళ్లు ఎలా ఉన్నాయండీ?" అన్నాడు.

కేకు మారడిగి తిన్నాడు. పోయిన భర్త గురించి ఆమె కబుర్లు చెబుతుంటే అడ్డు రాకుండా విన్నాడు. చీకటి పడేవేళకు లియోబా సంతోషంగా కుర్చీ కొనుగోలు కాగితం మీద సంతకం పెట్టింది.

ఆమెది మేడ లేని ఇల్లు. ఎక్కడానికి ఒక్క మెట్టు కూడా లేదు. ఆ సంగతి ఆమె ఎత్తలేదు. ఎత్తితే అతను లేచి వెళ్లిపోతాడు.