ఊరికే వచ్చిన రెండో తోక

ఒక పెద్ద అడవిలో బట్ట కట్టే ప్రాణి ఒక్కటీ లేదు. ఫ్యాషన్ మాత్రం చచ్చేంత ఉంది.

దున్నపోతులు ఒక వారం బురద ఎడమవైపు పూసుకునేవి, మరో వారం కుడివైపు. ఎలుగుబంటి నడుము సన్నగా కనపడాలని ఊపిరి బిగబట్టి నడిచి దారిలో కళ్ళు తిరిగి పడేది. ఊసరవెల్లికి పొద్దున వేసిన రంగు మధ్యాహ్నానికి పాతదైపోయేది. ఆకలేసినా కొన్ని పురుగుల జోలికి పోయేది కాదు, వాటి రంగు తన రంగుకు నప్పదని.

ఇంతమందికి ఏది బాగుందో, ఏది బాగోలేదో చెప్పే దిక్కు ఒక్కటే. వారానికొకసారి వచ్చే టేకాకు. దాని పేరు 'ఒంటిమీద'.

ఆ ఆకు రాసేది అలుగు పొలుసమ్మ. అలుగును మీరు చూసి ఉండకపోవచ్చు. ఒళ్ళంతా పొలుసులు, బెదిరితే బంతిలా చుట్టుకుంటుంది, చీమలు తిని బతుకుతుంది. బతికినన్నాళ్ళూ అవే పొలుసులు కాబట్టి ఒకరి సోకు చూసి ఏడవాల్సిన పని లేదు. నోట్లో ఒక్క పన్నూ లేదు గానీ నాలుక మూరెడు. ఫ్యాషన్ గురించి రాయడానికి ఇంతకంటే ఏం అర్హత కావాలి?

"వానాకాలంలో బురద పూసుకు తిరగడం ఫ్యాషన్ కాదు, వాతావరణం," అని ఒకసారి రాసింది. దున్నపోతులు నెల్లాళ్ళు ఆమెతో మాట్లాడలేదు. చందా మాత్రం మానలేదు.

చందా అంటే వారానికి దొప్పెడు చీమలు. పొలుసమ్మ దేని గురించైనా రాయాలంటే ముందు మూడు రోజులు తన ఒంటిమీద పెట్టుకుని చూసేది. ఎవరి దగ్గరైనా ఏదైనా పుచ్చుకుంటే ఆ సంగతి మొదటి వాక్యంలోనే చెప్పేసేది. "నాకున్నదల్లా నా మాట. అది పోతే నేను ఉత్త పెంకుల మూట," అనేది.

చిక్కు చిలకలతో వచ్చింది. ఆకును తీసుకెళ్ళి గట్టిగా చదివి వినిపించేవి అవే. అడవికి చదువు రాక కాదు, ఎవరైనా చదివి పెడితే హాయి. దుప్పుల మందలో చుక్కమ్మ ఒక్కతే చందా కట్టేది, మంద మొత్తం చుట్టూ చేరి వినేది. పొలుసమ్మ వెళ్ళి అడిగితే, "మేం వినాలని వినలేదమ్మా. ఊరికే నిలబడ్డాం, చెవిన పడింది," అన్నాయి. కోతులైతే, "మేం వెక్కిరించడానికి వింటున్నాం, దానికి కూడా చందానా?" అని అడిగాయి.

దొప్పలు తగ్గిపోయాయి. ఎండాకాలం వచ్చేసరికి పొలుసుల కింద పొలుసమ్మ ఒళ్ళు వదులైంది. రాత మానేసి పుట్టలు తవ్వుకోవాలా, తవ్వకం మానేసి రాసుకోవాలా అని రోజూ ఇదే ఆలోచన.

సరిగ్గా అప్పుడే ఉడుము పట్టాభి దిగాడు. పట్టాభి వ్యాపారి. గిజిగాళ్ళ చేత ఎండుగడ్డితో రెండో తోకలు అల్లించాడు. ఉన్న తోక పక్కనే గుగ్గిలం బంకతో అంటించుకోవాలి.

"రెండో తోక దేనికి పట్టాభీ?" అంది పొలుసమ్మ.

"మొదటి తోక దేనికండీ?"

"ఈగలు తోలుకోడానికి."

"ఈగలు ఒక వైపే వాలతాయాండీ?"

పొలుసమ్మ తన తోకను ఒకసారి అటూ ఇటూ ఊపి చూసుకుంది. పట్టాభి అదే అదనుగా, "మీ ఆకులో నాలుగు మంచి మాటలు రాయండి. వారం వారం గంపెడు చెదలు పంపిస్తా," అన్నాడు.

"రాయను."

"పోనీ, రెండు మంచి మాటలు."

"రాయనన్నానా."

పట్టాభి ఆమె వెనకకాలు పట్టుకున్నాడు. ఉడుంపట్టు అంటే ఏమిటో పొలుసమ్మకు ఆ రోజు తెలిసొచ్చింది. పొద్దున పట్టినవాడు మధ్యాహ్నమైనా వదల్లేదు. ఆమె అతన్ని ఈడ్చుకుంటూనే మడుగుకు వెళ్ళింది, ఈడ్చుకుంటూనే తిరిగొచ్చింది. చివరికి విసిగిపోయింది.

"సరే, ఒక తోక ఇచ్చి పో. మూడు రోజులు పెట్టుకుని ఉన్నది ఉన్నట్టు రాస్తా. నువ్వు ఊరికే ఇచ్చావని కూడా రాస్తా. చెదలు మాత్రం నాకొద్దు."

"రాసుకోండి, అదెవడు పట్టించుకుంటాడు," అని పట్టాభి కాలు వదిలాడు.

మూడు రోజుల్లో పొలుసమ్మ ఆ తోకను తానే తొక్కుకుని ఒకసారి బోర్లాపడింది. రెండుసార్లు వెనక ఎవరో వస్తున్నారనుకుని బంతిలా చుట్టుకుంది. నాలుగో రోజు ఆకు మీద గోటితో ఇలా రాసింది: "ఈ రెండో తోక నాకు ఊరికే వచ్చింది. ఊరికే వచ్చినా బరువే. ఎవరూ కొనొద్దు."

ఇంత నిక్కచ్చిగా ఎవరు రాస్తారులే అని తనను తానే మెచ్చుకుంది కూడా.

పొలుసమ్మ రాసిన 'ఊరికే'కి అర్థం, వెల ఇవ్వకుండా అని. అడవి విన్న 'ఊరికే'కి అర్థం, ఏ కారణమూ లేకుండా దానంతట అదే అని. తప్పెవరిదని నన్నడక్కండి. మన ఇళ్ళలో మాత్రం ఊరికే వచ్చానన్న చుట్టమూ, ఊరికే వచ్చిందన్న చీరా ఒకటేనా?

"విన్నావా వదినా, పొలుసమ్మకు రెండో తోక వచ్చిందట. ఊరికే," అంది చుక్కమ్మ పక్కనున్న దుప్పితో.

"మందూ మాకూ ఏమీ లేకుండానా?"

"ఏమీ లేదట. నేనూ కళ్ళారా చూశాను. ఈ చివర నుంచి ఆ చివరకు ఊపుకుంటూ పోయింది."

"మరి మనకెందుకు రాలేదు?"

చుక్కమ్మకు ఆ పూట గడ్డి సయించలేదు. 'ఎవరూ కొనొద్దు' అన్న మాట కూడా అడవికి శుభ్రంగా అర్థమైంది. కొనుక్కున్న తోక ఒక తోకా? రావాలి. మరి రానివాళ్ళేం చేయాలి? ఎవరి కంటా పడకుండా కొనుక్కోవాలి.

వారం తిరక్కుండా దుప్పుల మంద మొత్తానికి రెండో తోక వచ్చింది. ఎవర్ని కదిపినా, "ఏమోనమ్మా, ఊరికే వచ్చింది," అనేవాళ్ళే. పట్టాభి దుకాణానికి ముందువైపు ఒక్క పురుగు కనపడేది కాదు. వెనకదారిలో మాత్రం నడిచి నడిచి గడ్డి చచ్చిపోయింది. ఎలుగుబంటికి ఉన్న తోకే ఎవరికీ కనపడదు, రెండోది మూరెడు పొడుగున వచ్చింది.

పొలుసమ్మ తల పట్టుకుంది. మరుసటి ఆకులో, "నాకు తోక మొలవలేదు. పట్టాభి ఇచ్చాడు. తీసి పారేశాను," అని రాసింది.

"ఎంత వినయమో చూడు," అంది చుక్కమ్మ. "వచ్చిన తోకను తీసి పారేసిందట. మనవల్ల అవుతుందా?"

ఇక చందాలే చందాలు. పొలుసమ్మ బొరియ ముందు దొప్పలు బారులు తీరాయి. ఆమె ఒక్క అబద్ధం కూడా రాయలేదు. అయినా నోట్లోకి వెళ్ళే ప్రతి చీమా ఒక అబద్ధం పుణ్యాన వచ్చిందే. పైగా చీమలు మహా రుచిగా ఉన్నాయి. అదే ఆమెకు అన్నిటికంటే సిగ్గుగా ఉంది.

ఇంతలో అటవీ సభ కలగజేసుకుంది. అక్కరకొచ్చే పని ఏళ్ళ తరబడి ముట్టుకోదు గానీ, ఇలాంటివి ఒక్క పూటలో తేల్చేస్తుంది. సభాధ్యక్షుడు ఏనుగు పెద్దయ్యకు కూడా అప్పటికి రెండో తోక ఊరికే వచ్చి ఉంది. "రెండు తోకలవారు అదృష్టవంతులు కనుక మడుగులో ముందుగా వారే నీళ్ళు త్రాగవలెను," అని గుమాస్తా కొంగ చేత ఉత్తర్వు రాయించాడు.

మడుగు సగానికి దిగి ఉంది. రెండు తోకలవాళ్ళు తాగి, స్నానాలు చేసి, నీళ్ళలో వెనకభాగం చూసుకుని మురిసి వెళ్ళేసరికి మిగిలేది బురద. ఆ బురద ముందు మూడు రోజులు నిలబడి, నాలుగో రోజు తాబేలు చిప్పయ్య పొలుసమ్మ దగ్గరికి వచ్చాడు. ఆమె ఆకుకు మొట్టమొదటి చందాదారు ఆయనే.

"అమ్మాయీ, నేనూ ఒక తోక తెచ్చుకున్నాను. చిప్పకు బంక నిలవడం లేదు. ఇంట్లో మీ అత్తకు నాలుక పిడచకట్టుకుపోయింది. నాలాంటివాడు తోక ఎలా అంటించుకోవాలో నీ ఆకులో ఏదైనా ఉపాయం రాస్తావా?"

పొలుసమ్మకు ఏడుపొచ్చింది. ఆ ముసలాయన నీళ్ళు అడగలేదు, సభను తిట్టలేదు. తన ఆకును నమ్మి, తోక అంటించే ఉపాయం అడిగాడు. ఆమె లేచి తిన్నగా సభకు బయల్దేరింది.

దారిలో పట్టాభి మళ్ళీ కాలు పట్టుకున్నాడు. "సభలో నోరు మెదపకండి. తోకల తనిఖీ అధికారి అని ఒక పదవి పెట్టిస్తా. బతికున్నంతకాలం చెదలకు లోటుండదు."

"ఆ చెదలు తిన్నాక నేను రాస్తే నాకే నమ్మబుద్ధి కాదు పట్టాభీ," అని అతన్ని ఈడ్చుకుంటూనే సభలోకి వెళ్ళి, ఈ తోకలేవీ మొలిచినవి కావని చెప్పింది.

"నీ తోక నీకెలా వచ్చిందమ్మా?" అని అడిగాడు పెద్దయ్య.

"ఇదిగో, ఈ పట్టాభి ఇచ్చాడు."

"బదులుగా నువ్వేమిచ్చావు?"

"ఏమీ ఇవ్వలేదు."

"అంటే ఊరికే వచ్చినట్టే కదా."

"ఆ ఊరికే కాదండీ."

"ఎన్ని ఊరికేలుంటాయమ్మా?" అని విసుక్కుని, పెద్దయ్య గుమాస్తా వైపు తిరిగాడు. "రాసుకో కొంగా. తోక ఊరికే వచ్చిందని సాక్షి ఒప్పుకుంది."

ఇన్నాళ్ళూ మాటతో బతికిన పొలుసమ్మకు ఆ పూట మాట పనికిరాలేదు. "అయితే లాగి చూడండి," అంది. "దానంతట అదే వచ్చిన తోకైతే లాగితే నొప్పి పుడుతుంది. అంటించిందైతే ఊడుతుంది."

సభలో అందరూ వెనక్కి జరిగి చెట్లకు ఆనుకున్నారు. లాగే పనికి కోతులు మాత్రం సంతోషంగా ముందుకొచ్చాయి.

ఇంకా ముట్టుకోకముందే చుక్కమ్మ, "అబ్బా, చచ్చాను," అంది. తోక కోతి చేతిలోకి వచ్చేసింది. అయినా చుక్కమ్మ మూలగడం ఆపలేదు. ఎలుగుబంటి తోక ఊడి నాలుగడుగుల అవతల పడి ఉంటే, అది దానివైపే చూస్తూ, "కాస్త మెల్లిగా లాగండి నాయనా," అని బతిమాలింది. అధ్యక్షులవారి తోక లాగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఎండకు బంక కరిగి అదే జారింది. పెద్దయ్య దాని మీద కాలు పెట్టి నిలబడి, "ఎవరిదో ఇది, పారేసుకున్నట్టున్నారు," అన్నాడు.

ఇంతమంది పరువు పోయాక ఒకడినైనా శిక్షించకపోతే అది సభ ఎలా అవుతుంది? అందరూ పట్టాభి మీద పడ్డారు.

"నీ తోక సంగతేమిటి?"

"ఇది నా సొంతమండీ. పుట్టినప్పట్నుంచీ ఉంది."

"తోకలమ్మేవాడి తోక సొంతమంటే నమ్మాలా?"

కోతులన్నీ కలిసి పట్టుకున్నాయి. పట్టాభి పొలుసమ్మ కాలు వదిలి, పక్కనున్న చెట్టు మొద్దును పట్టుకున్నాడు. ఎంత లాగినా తోక రాలేదు. వేళ్ళతో సహా మొద్దే వచ్చింది. అతను ఆ మొద్దుతోనే అడవి దాటి పారిపోయాడు.

ఉత్తర్వు రద్దయింది. ఆ సాయంత్రం చిప్పయ్య దంపతులు కడుపునిండా నీళ్ళు తాగారు.

పొలుసమ్మ జరిగినదంతా ఆకుకెక్కించింది. ఎవరెలా మూలిగారో పేరుపేరునా రాసింది. తనను కూడా వదల్లేదు. "నా చేత పొగిడించుకోవాలని పట్టాభి ఇచ్చాడు అని రాయాల్సింది. ఊరికే అన్న చిన్న మాట ముద్దుగా ఉందని పెట్టాను. ఆ తోకల వల్ల వచ్చిన చీమలు తినేశాను, తిరిగివ్వలేను. అందుకని నాలుగు వారాలు నాకు చందా వద్దు."

అడవి భగ్గుమంది. "మా తోక ఊడితే అడవంతా చాటుతుందా?" అని చిలకలను తరిమికొట్టారు. చుక్కమ్మ ఎదురుపడితే మొహం తిప్పుకుంది. ఆ నాలుగు వారాలు పొలుసమ్మ తానే పుట్టలు తవ్వుకుంది. ఎండకు పుట్టలు రాయిలా గట్టిపడ్డాయి, గోళ్ళు అరిగిపోయాయి. దొరికిన రోజు తింది, దొరకని రోజు చుట్టుకుని పడుకుంది. ఆకు మాత్రం ఒక్క వారం కూడా ఆపలేదు. ఐదో వారం కూడా ఎవరూ రాకపోతే ఇక ఈ రాతకు దండం పెట్టేయాలని నిర్ణయించుకుంది.

ఐదో వారం పొద్దున్నే చుక్కమ్మ దొప్పెడు చీమలతో వచ్చి నిలబడింది.

"నా మీద కోపం పోయిందా చుక్కమ్మా?"

"ఎందుకు పోతుందమ్మా, ఉంది. కాకపోతే ఆ ఎలుగుబంటి మెల్లిగా లాగమని బతిమాలిందని రాశావు చూడు, అది ఇంకోసారి చదువుకోవాలనుంది. చిలకతో చదివించకు, అందరూ వింటారు. ఆకు నాకే ఇచ్చేయ్."

చుక్కమ్మ వెళ్ళగానే ఎలుగుబంటి వచ్చింది. దానికి చుక్కమ్మ సంగతి కావాలి. పెద్దయ్య తాను రాలేక కొంగను పంపాడు. కొంగ తనకోసం ఇంకొకటి విడిగా అడిగింది. మందకు ఒక ఆకు చాలనుకున్నవాళ్ళందరికీ ఇప్పుడు ఎవరిది వాళ్ళకు కావాలి, అదీ గుట్టుగా. మధ్యాహ్నానికి బొరియ ముందు దొప్పలు పెట్టడానికి చోటు లేదు.

పొలుసమ్మ కడుపునిండా తింది. ఈ చీమల్లో ఒక్కటి తిన్నందుకు కూడా సిగ్గు అనిపించలేదు. "చూశావా మామయ్యా," అంది చిప్పయ్యతో. "ఆలస్యమైనా అడవికి నిజం విలువ తెలిసొచ్చింది."

చిప్పయ్య మెడ చాచి పొద వైపు చూపించాడు.

పొద చాటున చుక్కమ్మ ఆకు పరుచుకుని, తన పేరున్న చోటు వెతికి పట్టుకుని, అంతమేర జాగ్రత్తగా కొరికి, నమిలి మింగింది. ఆ తర్వాత తీరిగ్గా కూర్చుని మిగతాది చదువుకోవడం మొదలుపెట్టింది.

ఇందువల్ల తేలిన నీతి: నిజం రాసి కూడా హాయిగా బతకొచ్చు, చదివేవాళ్ళకు ఎవరి వంతు వాళ్ళు నమిలి మింగే వెసులుబాటు ఉంటే.