నాలుగు మార్కుల కాపురం

మనసును కొలవాలంటే టేపు ఎక్కడ పట్టాలన్నది పెళ్లయిన నాటినుంచీ దర్జీని వేధిస్తున్న సందేహం. ఆ ఉదయం దేవుడికి దండం పెట్టుకుని, దుకాణం ఆలస్యంగా తెరుద్దామనుకుని, భార్యతో ఫ్యామిలీ కౌన్సిలర్ దగ్గరికి బయలుదేరాడు. ఇంట్లో మాటలు తగ్గాయని ఆవిడే చేసిన ఏర్పాటది. వెళ్లిన ప్రతిసారీ కాపురానికి పదికి ఎన్ని మార్కులో ఇద్దరూ చెప్పాలి. మార్కులు పెరిగితే సంసారం కుదుటపడుతున్నట్టు లెక్క.

దర్జీ మొదటినుంచీ తొమ్మిదే అంటున్నాడు. లోపల అనుకునేది ఏడు. ఏ కొలతకైనా కాస్త లూజు వదలడం అలవాటైన చెయ్యి. భార్య బడిలో టీచరు. ఆవిడ మూడు దగ్గర మొదలుపెట్టి అక్కడే కూర్చుంది.

ఆ మూడును పైకి లేపాలని అతను పడని పాట్లు లేవు. అంట్లు తోమబోయి ఆవిడకిష్టమైన గాజు గిన్నె పగలగొట్టాడు. ఇల్లు సర్దబోయి ఆవిడ దిద్దాల్సిన పరీక్ష పేపర్లు పాత కాగితాలవాడికి వేసేశాడు. మార్కు రెండుకు దిగింది. కంగారుపడి అత్తగారికి ఫోన్ చేశాడు. ఆవిడ సంచీ సర్దుకుని వచ్చేసి, ఇవాళ కౌన్సిలర్ గదిలో ఇద్దరి మధ్యా కూర్చుంది.

"ఆయన తొమ్మిది, మీరు రెండు," అంది కౌన్సిలర్. "ఇంత తేడా ఉంటే కొన్నాళ్లు విడిగా ఉండి చూడటం మంచిదేమో. ఇవాళ ఎంతంటారు?"

దర్జీ జేబులోని టేపును వేలికి చుట్టుకున్నాడు.

"నాలుగు," అంది టీచరమ్మ. "పేపర్లు పోయాయని ఈయనే బడికొచ్చి పిల్లలకు క్షమాపణ చెప్పారు. పిల్లలు పండగ చేసుకున్నారనుకోండి."

"నాలుగంటే అత్తెసరు మార్కులే కదమ్మా," కౌన్సిలర్ నిట్టూర్చింది.

అత్తగారు అల్లుడి వీపు తట్టింది. "నాలుగే! కన్నతల్లిని, నా వంటకే ఏనాడూ మూడు దాటించలేదు. నువ్వు క్లాసు ఫస్టు నాయనా."

"మరి పది ఎవరికి?" కౌన్సిలర్ టీచరమ్మను అడిగింది.

"దేవుడికి. ఆయనకూ ఒక్కోసారి తగ్గిస్తాను."

"అయితే మీకు ఏ లోటూ లేదంటారా?"

"ఎందుకు లేదు? ఊరందరికీ కోట్లు కుడతారు. పెళ్లినాడు నాకు కుట్టి ఇస్తానన్న కోటుకు ఇంతవరకూ అతీగతీ లేదు. బజార్లో కొన్న కోటుకు పొడుగైన చేతులు మడుచుకుని తిరుగుతున్నాను."

దర్జీ తలవంచుకున్నాడు. "నీ కొలత తప్పుతానేమోనని భయం."

"నేనిక్కడే ఉన్నానుగా. తీసుకోండి."

అతను జేబులోంచి టేపు తీశాడు. ఈసారి లూజు వదల్లేదు.

కోటు పూర్తయిన రోజు చేతులు సరిగ్గా మణికట్టు దగ్గర ఆగాయి. ఆవిడ అద్దం ముందు అటూ ఇటూ తిరిగి చూసుకుంది.

"ఐదు," అంది.

"నా వంటకు మాత్రం మూడేనా?" అంటూ ఆ సాయంత్రమే అత్తగారు అలిగి వెళ్లిపోయింది.