సరిహద్దు కొండ మీద కొబ్బరికాయ

"మన కొండలకు రోడ్లు వేయాలంటే ముందు పరాయి దేశాల కొండలెక్కి చూడాలి" అని కొండదారుల శాఖ మంత్రి ప్రసన్నకుమార్ గారు ప్రకటించారు. ఆ త్యాగానికి వెంటనే సిద్ధపడి దుబాయ్ విమానం ఎక్కారు.

ఆయన్ని రాస్ అల్ ఖైమా కొండ రోడ్డు ఎక్కించే భాగ్యం దుబాయ్‌లోని అల్ ఖూజ్‌లో కంపెనీ వ్యాను నడిపే అబ్బులుకి దక్కింది. ముదీర్‌ని, అంటే మేనేజర్‌ని, బతిమాలి మరీ ఆ డ్యూటీ వేయించుకున్నాడు. కారణం అతని చొక్కా జేబులో మడతపెట్టి ఉంది. సొంతూరు నిమ్మలగొందికి రోడ్డు లేదు. వచ్చే నెల భార్య మంగకి కాన్పు. నొప్పులొస్తే డోలీలో కొండ దించాలి. 'అయ్యా, జీపు వచ్చేంత దారి వేయించండి' అని అర్జీ రాసుకున్నాడు.

మలుపు మలుపుకీ మంత్రిగారు విస్తుపోయారు.

"ఇదేంటయ్యా, ఒక్క గుంతా లేదు?"

"లేదండి."

"మరి మరమ్మతుల టెండర్లు ఎలా పిలుస్తారు?"

అబ్బులు గేరు మార్చాడు. పీఏ దేవదానం మాత్రం "లోతైన ప్రశ్న సార్" అంటూ డైరీలో ఎక్కించాడు.

పైకి చేరగానే సరిహద్దు అవతలి టవర్ సిగ్నల్ తగిలి ముగ్గురి ఫోన్లూ మోగాయి: ఒమన్‌కి స్వాగతం.

"సార్, రెండు దేశాల పర్యటన పూర్తయింది!" అన్నాడు దేవదానం.

"ఒక్క టికెట్టు మీదే. అదీ రాయి."

వ్యాను దిగిన మంత్రిగారి కుడిచెయ్యి దానంతటదే చాచుకుంది. మంచి రోడ్డు కనబడితే ఆ చేతికి కొబ్బరికాయ పడాలి. పదేళ్ల అలవాటు. దేవదానం సంచిలోంచి తీసి అందించాడు.

"అయ్యగారూ, ఇక్కడ చెత్త వేస్తే ఫైనండీ!"

"చెత్త కాదయ్యా, ప్రారంభోత్సవం."

"ఈ రోడ్డు ఎప్పుడో ప్రారంభమైపోయిందండి."

"నేను చెయ్యలేదుగా!"

రక్షణగోడకి కొట్టారు. కాయ రెండుగా పగిలింది. అబ్బులు గోడ తుడిచి, చెక్కలు కవర్లో వేసుకుని, చేతులు తుడుచుకుని కాగితం అందించాడు.

"మా ఊరి రోడ్డు సంగతండి. మా ఆవిడకి నెలలు నిండుతున్నాయండి."

మంత్రిగారు కాగితం ఒక కొస పట్టుకుని, అబ్బులు భుజం మీద చెయ్యేశారు. దేవదానం ఫోటో తీశాడు.

"ఊరి పేరు?"

"నిమ్మలగొందండి."

"ఖలాస్!" అన్నారు, పొద్దున్నే నేర్చుకున్న అరబ్బీ మాట. "నీ రోడ్డు పడిపోయిందనుకో."

నాలుగో రోజు అబ్బులు క్యాంపు వంటగదిలో, ఫ్రిజ్‌లో దాచిన ఆ కొబ్బరితోనే పచ్చడి నూరుతుంటే మంగ ఫోన్ చేసింది.

"ఏవండీ, పేపర్లో మంత్రిగారి పక్కన మీ ఫోటో పడిందండి!"

"ఏం రాశారే?"

"'నిమ్మలగొంది ఘాట్ రోడ్డు ప్రారంభం. కృతజ్ఞతా పత్రం అందిస్తున్న గ్రామస్థుడు' అని. రోడ్డు నల్లగా భలే ఉందండి. ఎక్కడిదండీ అది?"

అబ్బులు చేతిలో పొత్రం ఆగింది.

"పేపరు నీకెవరిచ్చారే?"

"పంచాయతీ వాళ్లండి. రోడ్డు పడ్డ ఊళ్లో డోలీ ఉండకూడదంట. పట్టుకుపోయారు."

"వాళ్లెలా వచ్చారే?"

"నడిచేనండి. పాపం, ఆయాసపడుతుంటే మజ్జిగ ఇచ్చి పంపాను."