ఒకరి తర్వాత ఒకరు దిగిన జంట ఫోటో

భార్యాభర్తలు ఒకచోట ఉంటున్నారని నిరూపించడానికి లోకంలో ఒక్కటే నమ్మకమైన దారి ఉంది: వాళ్ళను విడివిడిగా ఫోటో తీయడం. సిబ్బంది వసతి విభాగం ఈ సత్యాన్ని కనుక్కుని పదకొండేళ్ళయింది. లిఫ్టు మెకానిక్ భార్యకు మాత్రం సోమవారం ఉదయమే తెలిసింది.

పెళ్ళయి నలభై రోజులు. కాపురం బావగారి ఇంటి హాల్లో, బీరువాకు అటువైపు. (ఇటువైపు టీవీ.) శుక్రవారంలోగా దరఖాస్తు ఆమోదం పొందితే రెండు గదుల దంపతుల క్వార్టర్ వస్తుంది. లేకపోతే ఇంకో ఏడాది బీరువాయే గతి.

ఆమె ముచ్చటపడి ఇచ్చిన ఫోటోలో ఇద్దరూ తలలు ఆనించుకుని పకపకా నవ్వుతున్నారు. జంట ఛాయాచిత్రాల పరిశీలకుడు దాన్ని రెండు వేళ్ళతో, తడిగుడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"ఇదేంటమ్మా, ఇద్దరూ ఒకేసారి దిగేశారు?"

"మొగుడూ పెళ్ళాలమే కదండీ!"

"మీరంటే సరిపోతుందా? పక్కన ఎవరైనా వచ్చి నిలబడొచ్చు. ఎవరికి వారు దిగి, ఫోన్లో మన యాప్‌తో అతికించాలి. నలుపు తెలుపులో."

"నలుపు తెలుపే ఎందుకండీ?"

"రంగులు వేరే విభాగం."

ఆ సాయంత్రం ఆమె స్టూలు మీద తన ఎత్తుకు దిండ్లు పేర్చి, వాటి పక్కన మొగుణ్ణి నిలబెట్టింది.

"ఎటు చూడను?" అన్నాడతను.

"దిండు వంక. అది నేననుకోండి."

"నువ్వు ఫోను వెనక ఉన్నావు కదా!"

"ఉంటే ఉన్నాను. కాస్త ప్రేమగా చూడండి."

కూరగాయలు తరుగుతున్న తోటికోడలు తలెత్తింది. "మా మరిది మొహంలో ఇంత సిగ్గు పెళ్ళినాడు కూడా చూళ్ళేదే!"

"నవ్వించకు అక్కా, ఫోను కదిలిపోతోంది!"

తర్వాత ఆమె కిటికీ పక్కన నిలబడి తన ఫోటో దిగింది. యాప్ దిండ్లను తీసేసి, రంగులు పిండేసి, ఇద్దరినీ పక్కపక్కన అతికించింది. నలుపు తెలుపులో మొగుడు మరీ అందంగా ఉన్నాడని ఆమె ఆ బొమ్మను మూడుసార్లు పెద్దది చేసి చూసుకుంది.

మంగళవారం దరఖాస్తు తిరిగొచ్చింది. వెలుతురు పొంతన కుదరలేదట. అతని నీడ ఎడమకు, ఆమె నీడ కుడికి పడింది.

"మీ వెలుతురు మూడో అంతస్తు ప్లంబరు ఫోటోతో తొంభై నాలుగు శాతం కలుస్తోందమ్మా," అన్నాడు పరిశీలకుడు. "ఆలోచించుకోండి."

"నాకు పెళ్ళయిందండీ!"

"నేను కాదన్నానా? వెలుతురు సంగతి చెప్తున్నాను."

గురువారం దంపతులు పట్టుదలకు పోయారు. అదే గోడ, అదే బల్బు. అతను ఫోటో దిగి పక్కకు తప్పుకోగానే ఆమె వెళ్ళి నిలబడింది. పొంతన నూటికి నూరు వచ్చింది. ఆమె ఆనందం పట్టలేక దిండును కౌగిలించుకుంది. (మొగుడు ఫోను పట్టుకుని ఉన్నాడు.)

శుక్రవారం పరిశీలకుడు కుర్చీలోంచి లేచి నిలబడి మరీ ఉత్తర్వు చదివాడు.

"ఫోటోల సమయాలను పరిశీలించగా, భర్త ఆరూ పదికి, భార్య ఆరూ పన్నెండుకి అదే గోడ దగ్గర ఉన్నట్టు, ఒకరున్నప్పుడు రెండోవారు లేనట్టు నిస్సందేహంగా రుజువైంది. కావున రెండు గదులు అనవసరం. ఒక గది, ఒక మంచం, ఒక తాళంచెవి మంజూరు చేయడమైనది. దంపతులు వంతులవారీగా నివసించవలెను."

"ఇద్దరం ఒకేసారి ఉంటేనో?" అంది ఆమె.

"అప్పుడు ఒకరు అతిథి అవుతారమ్మా. అతిథులు సాయంత్రం ఆరు లోపు వెళ్ళిపోవాలి."

'నూతన దంపతులకు శుభాకాంక్షలు' అని అచ్చేసిన కాగితం ఆమెకు అక్కడికక్కడే ఇచ్చారు. అతని కాగితం ఆమె బయటికి వెళ్ళాక ఇస్తారట.