రన్నింగ్‌లో చూడాల్సిన నూనె

ఆదివారం పొద్దున ఏడింటికి హిందూపురంలో బయలుదేరి, పెనుకొండలో టీ తాగి, పదికల్లా ధర్మవరం చేరాలన్నది టైలర్ మొహిద్దీన్ సాబ్ వేసిన ప్లాను. ధర్మవరంలో ఆయన భార్య బీబీజాన్‌కు అన్న అబూబకర్ ఉన్నాడు. ఎడమ మోకాలికి ఆపరేషన్ చేయించుకుని పుట్టపర్తి నుంచి ఇంటికొచ్చి నాలుగు రోజులైంది. బీబీజాన్ పుట్టింటి గడప తొక్కి రెండేళ్లు. ఆమెవీ మోకాళ్ల నొప్పులే, బస్సు మెట్లు ఎక్కలేదు. ఇంట్లో ఉన్న కారేమో ఈయన ఇన్నాళ్లూ ఊరు దాటించలేదు.

నిజానికి ఆ కారు అబూబకర్ ఇచ్చిందే. క్లచ్చి తొక్కే పని లేకుండా గేర్లు వాటంతటవే మారే పాత కారు. తాను నడపడం మానేశాక, చెల్లెలు బస్సులతో అవస్థ పడకూడదని రెండేళ్ల కింద ఊరికే ఇచ్చేశాడు. తాళం చేతిలో పెడుతూ ఒక్క మాట చెప్పాడు: "బావా, దీని గేరు నూనె బండి రన్నింగ్‌లో ఉండంగానే చూడాల. మర్చిపోవద్దు."

ముప్పై ఏళ్లుగా కుట్టుమిషన్‌ను పూర్తిగా ఆపి, చెయ్యి తుడుచుకుని, అప్పుడు నూనె చుక్క వేసే మనిషికి ఈ మాట ఎట్లా వినపడాలి? పరిగెత్తే బండికి బానెట్ ఎత్తమంటున్నాడంటే, వీడు కారు మొహం ఎరగని దర్జీ అని ఎగతాళి చేసినట్టే లెక్క. మనసులో పెట్టుకున్నాడు. అడిగితే అర నిమిషంలో తేలిపోయేది. అడగలేదు. ప్రతి శుక్రవారం నమాజుకు ముందు, ఇంజను చల్లగా ఆగి ఉన్నప్పుడు, కొలిచే పుల్ల తీసి చూసేవాడు. నూనె గీత దాకా ఉండేది. అయినా గేరు మారినప్పుడల్లా కారు ఎవరో వెనక నుంచి తన్నినట్టు ఎగిరిపడేది.

సలహాలకు కొదవేం లేదు. లారీ నడిపి నడిపి మానుకున్న ఎదురింటి ఉలిగప్ప టైర్లన్నాడు. నాలుగూ మార్చాడు. ఇంజను కింది రబ్బర్లన్నాడు. అవీ మార్చాడు. కారు తన్నుడు మానలేదు.

"ఇంగ మార్చాల్సింది బండి ఇచ్చినోడినే సాబ్," అన్నాడు ఉలిగప్ప.

ఆ మాట మాత్రం మొహిద్దీన్ సాబ్‌కు బాగా తలకెక్కింది.

"ఈ పొద్దన్నా మా అన్నను ఏమీ అనొద్దు. మంచంలో ఉండే మనిషి," అంది బీబీజాన్, పాయసం గిన్నె ఒళ్లో పెట్టుకుని కార్లో కూర్చుంటూ.

"నేనేమంటా? అనేదంతా బండే అంటాది," అన్నాడాయన.

సోమందేపల్లి దాటగానే బండి అననే అంది. రెండో గేరు మూడో గేరయ్యేటప్పుడు ఒక్క తన్ను తన్నింది. పాయసంలో సగం బీబీజాన్ కొత్త చీర మీదికి వచ్చింది. పాపం, ఆమె రోడ్డు పక్క కుళాయి దగ్గర కుచ్చిళ్లు కడుక్కుంటుంటే, ఈయన ఫోను నోటి దగ్గర పెట్టుకుని అబూబకర్‌కు గొంతు రికార్డు చేసి పంపేశాడు.

"ఏం బావా! తన్నే బండిని మా మొహాన కొట్టి, చెల్లెలికి కారిచ్చినానని చెప్పుకుంటాండావా? నీ బండి మాకొద్దు. ఈ పొద్దే తెచ్చి నీ వాకిట్లో పెడతా. ఎవరికన్నా ఇచ్చుకో పో!"

పెనుకొండలో టీ అంగడి పక్కనే మెకానిక్ ఉమేష్ షెడ్డు ఉంది. బీబీజాన్ బలవంతాన కారు అక్కడ ఆగింది. బండి తన్నుతోందని చెప్పి, ఇంజను ఆపడానికి మొహిద్దీన్ సాబ్ తాళం తిప్పబోతుంటే ఉమేష్ అరిచాడు.

"ఆపొద్దు సాబ్! ఇంజను అట్లే ఉండనీ."

బానెట్ ఎత్తి, పుల్ల తీసి, తుడిచి, మళ్లీ పెట్టి తీశాడు. కొసన కాస్త తడి తప్ప ఏమీ లేదు.

"నూనె యాడుండాది సాబ్? తన్నకుండా ఏం చేస్తాది?"

"శుక్రవారం చూస్తే గీత దాకా ఉన్నింది కదప్పా!"

"ఆపి చూసింటావు. ఆపితే లోపలి నూనె అంతా కిందికి దిగి నిండుగా కనపడతాది. రన్నింగ్‌లో చూడాల దీన్ని."

"రన్నింగ్ అంటే... రోడ్డు మీద పోతాండంగా కాదా?"

ఉమేష్ నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఇంజను ఆన్‌లో ఉంటే రన్నింగే సాబ్. బండి నిలబడే ఉంటాది."

ఉమేష్ నూనె కారే గొట్టం దగ్గర బిగించి, కొత్త నూనె పోశాడు. అంతే పని. పెనుకొండ దాటాక గేర్లు ఎప్పుడు మారాయో తెలియలేదు, కొత్త సూది కింద పాప్లిన్ గుడ్డ జరిగినట్టు జరిగిపోయాయి. బీబీజాన్ మొహం చూడాలి. ఆయనకేమో గుండెలో ముల్లు. రెండేళ్లు ఈ మనిషిని పుట్టింటికి దూరం చేసింది తన బుర్రే కదా!

అప్పుడు గుర్తొచ్చింది, పంపిన మాట. వెంటనే కారు పక్కకు ఆపాడు. అబూబకర్ ఇంకా వినలేదు. మాట మీద వేలు నొక్కిపట్టగానే తెలుగు ఫోను రెండు దారులు చూపింది: 'అందరి కోసం తొలగించు', 'నా కోసం తొలగించు'.

'అందరి కోసం ఎందుకు? తప్పు నాది. నా కోసమే తొలగించు తల్లీ,' అనుకుని రెండోది నొక్కాడు. ఆయన ఫోనులో మాట మాయమైంది. కళ్లు మూసుకుని దేవుణ్ణి తలచుకున్నాడు.

ధర్మవరంలో అబూబకర్ కాలు చాపుకుని మంచం మీద ఉన్నాడు. పక్క కుర్చీలో పొరుగింటి రఘునాథ్ మాస్టారు, చేతికర్ర పట్టుకుని. చిన్నప్పటి నుంచీ ఆయన ఎడమ కాలు సరిగా లేదు.

"బావా, బండి బంగారం!" అన్నాడు మొహిద్దీన్ సాబ్ గడపలోనే.

అబూబకర్ బిత్తరపోయాడు. "వద్దంటివి కదా బావా? ఎవరికన్నా ఇచ్చుకోమంటివి. క్లచ్చి లేని బండి సారు కాలికి పనికొస్తాదని ఇప్పుడే మాటిచ్చేస్తిని."

"నేనా? ఎప్పుడు?"

అబూబకర్ ఫోను నొక్కాడు. మొహిద్దీన్ సాబ్ తొలగించేశాననుకున్న గొంతు ఇంటి నిండా మోగింది. బీబీజాన్ పాయసం గిన్నె కింద పెట్టి, అది అయిపోయేదాకా విన్నది.

"రన్నింగ్‌లో చూడమని చెప్పినా కదా బావా," అన్నాడు అబూబకర్ మెల్లగా.

"ఎగతాళి చేస్తాండావనుకుంటి," అన్నాడు మొహిద్దీన్ సాబ్. తలెత్తలేదు.

రఘునాథ్ మాస్టారు గబగబా లేవబోయాడు. "అయ్యో, నాకొద్దమ్మా. మీరే పెట్టుకోండి."

"కూర్చోండి సారూ," అంది బీబీజాన్. "మా అన్న మాట ఇచ్చినాడు. మీరు రోజూ బడికి పోవాల. నేను ఎప్పుడో ఒకసారి వస్తా." ఆ తర్వాత భర్త వైపు చెయ్యి చాపింది. ఆయన తాళం ఆ చేతిలో పెట్టాడు. అంత బరువైన తాళం ఆయన ఎన్నడూ ఎత్తలేదు.

సాయంత్రం ధర్మవరం బస్టాండులో బీబీజాన్ రెండు చేతులా కడ్డీలు పట్టుకుని మెట్టుమెట్టుకూ ఆగుతూ బస్సెక్కింది. వెనక నుంచి ఆసరాగా నిలబడిన మొహిద్దీన్ సాబ్‌కు, మూడే మెట్లు ముప్పై మెట్లయ్యాయి. క్షమించమనాలని నోరు తెరిచాడు కానీ ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

హిందూపురం దాకా బస్సు ప్రతి గేరుకూ తన్నుతూనే వచ్చింది. ఆయన ఎవరినీ ఏమీ అనలేదు.